ఇంట్లోంచి పోయే మురుగునీరు భూమి కింద ఎలా ప్రయాణిస్తుంది? మోటార్లు ఉంటాయా?

చాలాచోట్ల మోటార్లు ఉండవండీ. అంతా వాటం మీదే నడుస్తుంది. హైదరాబాద్‌లో నేల చాలావరకు మూసీ వైపు వాలి ఉంటుంది కాబట్టి పెద్ద లైన్లు కూడా ఆ వాలునే పట్టుకుని పోతాయి. వాలు దొరకని చోట మాత్రం మురుగునంతా ఒక పెద్ద బావిలోకి చేర్చి, పంపులతో పైకి ఎత్తి, మళ్లీ వాలులో వదులుతారు. 1908 మూసీ వరద తర్వాత నిజాం పిలిపించిన ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి పేరు చెబితే అందరికీ గండిపేట జలాశయమే గుర్తొస్తుంది. ఊరికి భూగర్భ డ్రైనేజీ పథకం తయారుచేసిందీ ఆయనే. దాన్ని ఎవరూ తలుచుకోరు, కనబడదు కదా!

ఆ వాలుకూ ఓ లెక్కుంది. నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో కదలాలి, లేకపోతే ఇసుకా మట్టీ అడుగున పేరుకుపోతాయి. పైపు నిండా పారడానికి కూడా వీల్లేదు. బాగా రద్దీగా ఉండే పొద్దున పూట కూడా 80 శాతం దాటకుండా, పైన గాలికి చోటు వదిలి డిజైన్ చేస్తారు. అంటే అది మన స్నానాల నీళ్లకూ వంటింటి నీళ్లకూ వేసిన పైపు, వాననీళ్లకు కాదు. వాననీళ్లకు నాలాలు వేరే ఉన్నాయి.

ఇది నాకు ఇంజనీర్లు చెప్పలేదు, మా బాత్రూమ్ చెప్పింది. అప్పట్లో ఓ రెండంతస్తుల ఇంట్లో కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ఒక సాయంత్రం గంటసేపు గట్టి వాన, కరెంటు పోయింది. "ఏవండీ, బాత్రూంలో ఏదో గుడగుడమంటోంది" అంది మా ఆవిడ. ఫోన్ లైటు వేసి చూస్తే నహానీ ట్రాప్‌లోంచి, అంటే బాత్రూం నేలమీద నీళ్లు పోయే జాలీలోంచి, నల్లటి నీళ్లు పైకొస్తున్నాయి. పాత చీర ఉండచుట్టి అందులో కూరి, దానిమీద రుబ్బురోలు పెట్టాం. పైవాళ్లు బకెట్ కుమ్మరించినప్పుడల్లా రోలు కదిలేది! "అంకుల్, కాసేపు నీళ్లు వాడకండి" అని మెట్ల దగ్గర నిలబడి అరిస్తే, ఓనరుగారు టీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చి, "మా అమ్మాయి తలంటుకుంటోంది బాబూ, అయిపోతుందిలే" అన్నారు.

ఆయన పక్కనే గోడ మీదుగా లావుపాటి పైపు. మేడ మీద పడ్డ వానంతా దాంట్లోంచి దిగి నేరుగా మా డ్రైనేజీ ఛాంబర్‌లోకి! వీధిలో దాదాపు ప్రతి ఇంటికీ అదే ఏర్పాటు. నన్నడిగితే వానకు మ్యాన్‌హోళ్లు పొంగడానికి అసలు కారణం ఇదే. తిట్లు మాత్రం డ్రైనేజీవాళ్లకి.

ఇంకో రకం జనం ఉంటారు. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే గడ్డపారతో మ్యాన్‌హోల్ మూత లేపేస్తారు. నీళ్లతో పాటు కవర్లూ మట్టీ లోపలికి పోతాయి, చీకట్లో ఎవరైనా పడితే అంతే సంగతులు. తర్వాత లైను జామ్ అయితే "ఎవర్నైనా దింపి తీయించండి" అని మళ్లీ వీళ్లే. లోపల ఉండే విషవాయువుకు మనిషి నిమిషాల్లో పోతాడు. రక్షణ లేకుండా అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. గట్టి ఒత్తిడితో నీళ్లు చిమ్మి పూడిక తీసే జెట్టింగ్ బండి ఉన్నది అందుకే. డైపర్లు, వెట్ వైప్స్ కమోడ్‌లో వేసేవాళ్ల గురించి మొదలుపెడితే ఈ జవాబు తెమలదు.

కింది పోర్షన్‌లో ఉన్నవాళ్లు ఛాంబర్‌కి ముందు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోండి. రోడ్డు లైన్‌లోంచి వెనక్కి తన్నే నీటిని అది ఆపుతుంది. పైవాళ్ల తలంటు నీళ్లు కూడా మీ ట్రాప్‌లోకి రాకూడదంటే మీ లైను విడిగా తీసి దానికి వాల్వ్ పెట్టాలి. వాన పైపును ఇంకుడు గుంతలోకి మళ్లించమని మా ఓనరుగారిని అడిగాను. "ఇల్లు కట్టినప్పటి నుంచీ ఇలాగే ఉంది, నీకే వచ్చిందా సమస్య?" అన్నారు. ఆ తర్వాత మేం ఇల్లు మారాం. ఇప్పుడు ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా ముందు మేడ మీది పైపు ఎక్కడ దిగిందో చూసి, ఆ తర్వాతే అద్దె ఎంతని అడుగుతాను.