పోయిన పన్ను సంగతి తర్వాత, ముందు పక్క పన్ను

ప్రశ్న: నా వయసు 47. కింది దవడలో ఎడమవైపు పెద్ద పన్ను ఒకటి రెండేళ్ల క్రితం పీకేశారు. ఇప్పుడు దాని వెనక పన్ను లోతుగా పుచ్చిపోయింది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలంటున్నారు. పోయిన పన్ను చోట ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ బిగించి దాని మీద క్యాప్ పెట్టడం) మేలట, లేదంటే బ్రిడ్జి. ఇంప్లాంట్ ఖర్చు బ్రిడ్జికి దాదాపు రెండింతలు. అత్యవసరాలకని దాచింది నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. అన్నీ చేయించుకుంటే అందులో సగానికి పైగా పోతుంది. క్లినిక్‌వాళ్లు వడ్డీ లేకుండా 12 వాయిదాలు ఇస్తామంటున్నారు. ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారట. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో రెండు పళ్ల కథ ఉంది. మీ బెంగంతా లేని పన్ను మీదే. నేనైతే ముందు డబ్బు పెట్టేది ఉన్నదాని మీద. పుచ్చు నరం దాకా వెళ్లిన పన్ను ఆగదు. ఈ నెల రూట్ కెనాల్‌తో పోయేది వచ్చే ఏడాది పీకించుకునేదాకా వస్తే, అప్పుడు ఒకటి కాదు, రెండు ఖాళీలు పూడ్చాలి. కాబట్టి రూట్ కెనాల్ ఇప్పుడే, దాచిన డబ్బులోంచే చేయించుకోండి. అత్యవసర నిధి ఉన్నది ఇలాంటివాటికే.

ఇక్కడ నా సొంత తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఊరందరికీ లెక్కలు చెప్పే నేను, రూట్ కెనాల్ చేయించుకుని ‘నొప్పి పోయిందిగా, క్యాప్ నాలుగు నెలలాగి వేయిద్దాం’ అనుకున్నాను. మూడో నెలలో ఓ రాత్రి అన్నం తింటుంటే టక్కుమని చప్పుడు. పన్ను నిలువునా చీలింది, చీలిక వేరు దాకా పోయింది. పీకేయడం తప్ప దారి లేకపోయింది. రూట్ కెనాల్‌కు పెట్టినదంతా దాంతోపాటే పోయింది. 2002లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత క్యాప్ వేయని పళ్లు వేసినవాటికంటే 6 రెట్లు ఎక్కువగా ఊడిపోయినట్టు తేలింది. నేను ఆ లెక్క చదివింది నా పన్ను పోయాకే!

అయితే మీ విషయంలో ఒక చిక్కుంది. క్యాప్ వేయించే ముందే ఇంప్లాంటా, బ్రిడ్జా అన్నది తేల్చుకోవాలి. బ్రిడ్జి అంటే ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, మూడు క్యాపులను ఒకే ముక్కగా బిగించడం. ఆ వెనక పన్ను క్యాప్ బ్రిడ్జిలోనే కలిసి వస్తుంది. ఇప్పుడు విడిగా వేయించుకుని తర్వాత బ్రిడ్జికి వెళ్తే దాన్ని తీసి పారేయాల్సిందే. అందుకే ఇంప్లాంట్ ధరనూ బ్రిడ్జి ధరనూ పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదు. ‘రూట్ కెనాల్, క్యాప్, ఇంప్లాంట్’ మొత్తం ఎంత, ‘రూట్ కెనాల్, బ్రిడ్జి’ మొత్తం ఎంత అని రెండు కాగితాలు రాయించుకోండి. తేడా మీరనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది.

అంత తేడా ఉన్నా నా మొగ్గు ఇంప్లాంట్ వైపే. ఎందుకంటారా? బ్రిడ్జి మామూలుగా పది పదిహేనేళ్లు నిలుస్తుంది. ఇంప్లాంట్లలో నూటికి 90కి పైగా పదేళ్ల తర్వాత కూడా నిలిచే ఉంటాయి. దాని మీది క్యాప్ మాత్రం ఎప్పుడో ఒకసారి మార్చాల్సి రావచ్చు. మీ వయసుకు ఇంకో బ్రిడ్జి తప్పకపోవచ్చు కాబట్టి ఏడాదికి ఇంతని పంచితే రెండూ కాస్త దగ్గరకొస్తాయి. నన్ను కదిపింది ఆ లెక్క కాదు, జామీను లెక్క. బ్రిడ్జి అంటే పక్క పళ్ల చేత జామీను సంతకం పెట్టించి తీసుకున్న అప్పులాంటిది. ఒకరు ఎగ్గొడితే ముగ్గురూ మునుగుతారు. మీ విషయంలో జామీనుదారుల్లో ఒకటి రూట్ కెనాల్ అయిన బలహీనమైన పన్ను, ఇంకొకటి (మీరు చెప్పలేదుగానీ) బహుశా ఏ దెబ్బా తగలని మంచి పన్ను. ఆ ముందు పన్నుకు కూడా ఇప్పటికే పెద్ద ఫిల్లింగ్ ఉండి, ఎలాగూ క్యాప్ వేయాల్సిందే అని డాక్టర్ అంటే నా మాట మార్చుకుంటాను. అప్పుడు బ్రిడ్జి దండగ కాదు. పొగ తాగే అలవాటున్నా, షుగరు అదుపులో లేకపోయినా ఇంప్లాంట్ నిలిచే అవకాశం తగ్గుతుంది. అది డాక్టర్ దగ్గర దాచకండి. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు అన్నిటికంటే చౌక. కానీ ఒక్క పన్నుకు అది నోట్లోకంటే డబ్బాలోనే ఎక్కువగా ఉంటుంది.

ఇంప్లాంట్ వెంటనే కావాలా? అక్కర్లేదు. పన్ను తీసేశాక దవడ ఎముక వేగంగా కుంచించుకుపోయేది మొదటి ఏడాదిలోనే. మీకు రెండేళ్లు దాటాయి, జరగాల్సింది చాలామటుకు జరిగిపోయింది. ఇంకో ఆరు నెలలు ఆగి డబ్బు కూడబెడితే మునిగిపోయేదేమీ లేదు. అయిదేళ్లు మాత్రం ఆగకండి. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, అప్పుడు చోటు చేయడానికే వేరే ఖర్చు. ఎముక చాలకపోతే గ్రాఫ్ట్ (అక్కడ ఎముకను పెంచే పని) వేయాలి, అదీ అదనమే. స్కాన్ తీసి గ్రాఫ్ట్ కావాలో వద్దో తేల్చాకే ధర రాసిమ్మనండి.

ఇంప్లాంట్ పని కూడా తనంతట తాను రెండు విడతలుగానే సాగుతుంది. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1952లో గమనించి, 1965లో తొలిసారి ఒక మనిషి దవడలో పెట్టారు. ఆ అతుకు గట్టిపడటానికే కింది దవడలో సుమారు మూడు నెలలు వదిలేస్తారు, ఆ తర్వాతే పైన క్యాప్. అంటే స్క్రూ పెట్టిన రోజు కొంత, క్యాప్ బిగించిన రోజు మిగతాది కడితే చాలు. రేపటి క్యాప్‌కు ఇవాళే మొత్తం ఎందుకివ్వాలి? మధ్యలో డాక్టర్ మారినా, క్లినిక్ మూతపడినా మీ చేతిలో స్క్రూ మిగులుతుంది. అప్పు ఇచ్చింది వేరే సంస్థ అయితే వాయిదాలు మాత్రం నెలనెలా పోతూనే ఉంటాయి.

ఇంతకీ ఆ ‘వడ్డీ లేని’ వాయిదాల్లో వడ్డీ ఉంది. వంద బిల్లుకు ఒకేసారి కడితే 95. వాయిదాల్లో నెలకు 8.33 చొప్పున 12 నెలలు. అంటే 95 అప్పు తీసుకుని 100 తీరుస్తున్నారు. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి, అది ఏడాదికి దాదాపు 9.6 శాతం వడ్డీతో సమానం. ఘోరమైన వడ్డీ కాదు. విడతలవారీగా కట్టనిస్తూ ఆ 5 శాతం కూడా తగ్గిస్తారేమో అడిగి చూడండి, చాలామంది అడగకే పోగొట్టుకుంటారు.

దంత బీమా ఉంటే పాలసీ కాగితం తిరగేయండి. పాలసీ తీసుకోకముందే పోయిన పన్నుకు చెల్లించబోమనే షరతు చాలావాటిలో ఉంటుంది. ఏడాదికి ఇంతే అనే పరిమితి ఉంటే రూట్ కెనాల్ ఈ పాలసీ సంవత్సరంలో, ఇంప్లాంట్ వచ్చేదాంట్లో పడేలా చూసుకోవచ్చు.

చివరగా, స్క్రూ పెట్టిన రోజు దాని కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ అడిగి తీసుకుని ఎక్స్‌రేతో కలిపి దాచండి. ఎనిమిదేళ్ల తర్వాత పైది వదులై ఇంకో డాక్టర్ దగ్గరకు వెళ్తే, ఆయన మొదట అడిగేది అదే.