గోడ మీద ఫోటోలో మా నాయనమ్మ ఎందుకు నవ్వదు?

ప్రశ్న: పాత ఫోటోలు చూసినప్పుడు మీకేమనిపిస్తుంది? పోయినవాళ్ళని ఫోటో నిజంగా గుర్తుంచుతుందా?

మా నాయనమ్మ పోయేటప్పటికి నాకు ఐదేళ్ళు. ఆవిడ ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే మొన్నమొన్నటిదాకా తడుముకోకుండా చెప్పేదాన్ని. బిగించిన పెదవులు, నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు, ఎవరినో కోప్పడబోతున్నట్టు చూపు. ఇదంతా మా హాల్లో గంధపు దండ వేసి ఉన్న ఫోటో. నాకు గుర్తున్నది ఆ ఫోటోయేనని, ఆవిడ అసలు గుర్తే లేదని తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. అందుకని నా జవాబు అవుననీ కాదనీ ఒక్క ముక్కలో తేలదు. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు నేనెవరో చెప్పాలి. మా నాన్నకి రేపల్లెలో ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో తోట, మెట్లు పెయింటు చేసిన పరదా, ఒక ఉత్తుత్తి టెలిఫోను, ప్లాస్టరు స్తంభం. వెనక డార్క్‌రూమ్. ఎర్ర బల్బు కింద మూడు ట్రేలు. మొదటిది బొమ్మ తేల్చే డెవలపరు, రెండోది నీళ్ళు, మూడోది ఆ బొమ్మ చెరగకుండా నిలబెట్టే హైపో. డెవలపరులో కలిపే మెటాల్, హైడ్రోక్వినోన్ పొడులని నాన్న బంగారం తూచినట్టు చిన్న త్రాసులో తూచేవాడు. కడిగిన ప్రింట్లని గంటసేపు పారే నీళ్ళలో నాననివ్వడం నా పని. హైపో సరిగ్గా పోకపోతే కొన్నేళ్ళకి ఫోటో పసుపుపచ్చ మచ్చలు తేలుతుంది. మీ ఇంట్లో పాత ఫోటోల మీద అలాంటి మచ్చలుంటే ఎవరి ఇంట్లోనో నాలాంటి పిల్ల ఆటల్లో పడి నీళ్ళు మార్చలేదని అర్థం.

ఆ రోజుల్లో స్టూడియోకి సగం ఆదాయం పెళ్ళిళ్ళ వల్ల, మిగతా సగంలో చాలా భాగం చావుల వల్ల వచ్చేది. ఇది చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. పెద్దవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, విడిగా తీయించుకున్న ఫోటో ఉండేది కాదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనే భయం ఒకటి, పరాయి మగాడి ముందు కూర్చోవడం ఏమిటనే మొహమాటం ఇంకొకటి. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, అందులో ఫోటోలు తీయడానికి ఒక ఇంగ్లీషావిడని నియమించాడు. నవాబుల ఇళ్ళకి అది సరిపోయింది. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మా రేపల్లెలో ఆడవాళ్ళు కెమెరా ముందుకొచ్చేది పెళ్ళి గ్రూపు ఫోటోలోనే, అదీ చివరి వరసలో, ఎవరి భుజం వెనకో.

మనిషి పోయాక పదకొండో రోజుకి ఫోటో కావాలి. ఇంట్లో ఉన్న ఆ గ్రూపు ఫోటోనే పట్టుకొచ్చేవాళ్ళు. అప్పుడు నాన్న పని మొదలయ్యేది. ఫోటోని బల్ల మీద పరిచి, రెండు పక్కలా మెరుపు పడకుండా లైట్లు ఏటవాలుగా పెట్టి కాపీ నెగెటివ్ తీసేవాడు. అందులో కావలసిన మనిషి తప్ప చుట్టూ ఉన్నవాళ్ళందరి మీదా ఎర్రటి ఓపేక్ రంగు పూసేవాడు. రంగు పూసినచోట వెలుతురు దూరదు కాబట్టి ప్రింటులో అది తెల్లగా వస్తుంది. పాత దండేసిన ఫోటోల్లో మనిషి చుట్టూ మబ్బులాంటి తెలుపు ఉంటుంది, చూశారా? స్వర్గం అనుకునేదాన్ని చిన్నప్పుడు. అక్కడ నిజానికి మరదళ్ళు, మేనత్తలు, ఒక బాజా అతను ఉండేవాళ్ళు.

తర్వాత టచప్. ఉప్పుకాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిలుతో నెగెటివ్ మీదే ముడతలు, మచ్చలు పూడ్చేవాడు. నెగెటివ్ మీద పెన్సిలు గీత పడినచోట ప్రింటు తెల్లబడుతుంది. నల్లగా రావాలంటే సన్నటి కత్తితో గీకాలి. చివరికి ప్రింటు మీద బ్రష్‌తో బొట్టు, కాటుక. రెప్ప పడిన కళ్ళని తెరిపించడం ఆయనకి బాగా వచ్చు. దానికి మాత్రం అదనంగా తీసుకునేవాడు.

ఉప్పెన సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణా నదికి అవతల దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే పోయినవాళ్ళు పదివేల దరిదాపు. మాది ఇవతలి గట్టు, మా స్టూడియోకి రేకులు లేచిపోయాయి, అంతే. కరెంటు వచ్చాక నాన్న తలుపు తీస్తే మొదట వచ్చినవాళ్ళు నది దాటి వచ్చినవాళ్ళే. అప్పటికి పెనుమూడి, పులిగడ్డల మధ్య వంతెన లేదు, పడవ మీద రావాలి. ఉప్పునీళ్ళలో నాని, ఒకదానికొకటి అంటుకుపోయిన ఫోటోలు తువ్వాల్లో చుట్టి తెచ్చేవాళ్ళు. నాన్న వాటిని విడదీయడానికి మళ్ళీ నీళ్ళలోనే వేసేవాడు. అది చూసి ఒకావిడ కెవ్వుమని అరిచింది. ఆ అరుపు నాకిప్పటికీ గుర్తుంది. ఇది మాత్రం ఏ ఫోటో ఇచ్చిన జ్ఞాపకమూ కాదు.

అలా వచ్చినవాళ్ళలో ఒకాయన ఎక్కడో చుట్టాలింట్లో మిగిలిన బడి గ్రూపు ఫోటో తెచ్చాడు. మూడో వరసలో వాళ్ళబ్బాయి. మొహం కందిగింజంత. పైగా క్లిక్కుమన్న క్షణాన తల తిప్పాడేమో, చెదిరిపోయింది. నాన్న దానికి కాపీ నెగెటివ్ తీసి, ఎన్‌లార్జర్‌లో పెట్టి పెద్దది చేసి చూపించాడు. బూడిద రంగు మరక తప్ప ఏమీ లేదు. "రాదండీ" అన్నాడు. ఆయన కదల్లేదు. "మీరు వెయ్యండి, నేను చెబుతాను" అన్నాడు.

రెండు రోజులు ఆయన మా స్టూడియో బెంచీ మీదే కూర్చున్నాడు. చెవులు కాస్త బయటికి ఉంటాయన్నాడు. పాపిడి ఎడమ పక్క అన్నాడు, కాసేపాగి కాదు కుడి అన్నాడు. ముక్కు వాళ్ళమ్మది అన్నాడు. ఆవిడ ముక్కు ఎలా ఉంటుందో చూపించడానికి ఆవిడా లేదు, ఆవిడ ఫోటో కూడా లేదు. నాన్న గీస్తూ, చెరుపుతూ, మళ్ళీ గీస్తూ పోయాడు. రెండో రోజు సాయంత్రం ఆయన ఆ కాగితం వంక చాలాసేపు చూసి, "వీడే" అని డబ్బులు తీశాడు. నాన్న తీసుకోలేదు. ఆయన వెళ్ళాక అమ్మతో, "అది ఆ పిల్లాడు కాదే. ఆయనకీ తెలుసు" అన్నాడు. ఎనిమిదేళ్ళదాన్ని, నాకు అర్థం కాలేదు. ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు రావడం అనే నా నమ్మకం మాత్రం ఆ రోజే కదిలింది. అలాంటప్పుడు మా గోడ మీది ఫోటోని ఎందుకు అనుమానించలేదో నాకే తెలియదు. ఇంట్లో వాళ్ళని అనుమానించం కదా.

నాన్న 2011లో పోయారు. షట్టరు దించిన స్టూడియో గదిని లాక్‌డౌన్ అయ్యాక 2020 చివర్లో ఖాళీ చేశాం. బిస్కెట్ డబ్బాల నిండా నెగెటివ్‌లు. మా తీరప్రాంతపు తేమకి సగం బూజు పట్టి సాలెగూళ్ళలా తయారయ్యాయి. ఒక డబ్బాలో "అమ్మ" అని పెన్సిలుతో రాసిన కవరు దొరికింది. మా గోడ మీది నాయనమ్మ ఫోటో తాలూకు కాపీ నెగెటివ్, ఎర్ర ఓపేక్ రంగు అలాగే ఉంది.

భూతద్దం పెట్టి చూశాను. పెదవుల మధ్య సన్నగా, దువ్వినట్టు పెన్సిలు గీతలు. అంటే అక్కడ ఏదో పూడ్చాడు. వెలుతురుకి పట్టి ఎటు వంచి చూసినా సంగతి ఒకటే. ఆవిడ నోరు తెరిచి నవ్వుతోంది. తాంబూలంతో నల్లబడ్డ పళ్ళు, ఒక పన్ను లేని ఖాళీ. నాన్న ఆ నవ్వుని గీతగీతగా మూసేశాడు. కన్నకొడుకు చేతుల్తో ఆ పని ఎలా చేశాడా అని మొదట కోపం వచ్చింది. తర్వాత ఆయన మాటే గుర్తొచ్చింది. నవ్వే మొహానికి దండ వేస్తే చూసేవాళ్ళకి బాగుండదనేవాడు, అందరికీ అలాగే చేసేవాడు. తల్లి అని మినహాయింపు ఇవ్వలేదు. లేదా తల్లి కాబట్టే చూడలేకపోయాడేమో.

ఓపేక్ రంగు నీళ్ళకి పోతుంది. దూది తడిపి భుజం పక్కన కొంచెం తుడిచాను. చెయ్యి బయటపడింది. నాయనమ్మ భుజం చుట్టూ వేసిన ఎవరిదో చెయ్యి, ముంజేతికి లావుపాటి మురుగులు. అంతకు మించి తుడవడానికి ధైర్యం చాల్లేదు. పూత మందంగా ఉన్నచోట గీతలు పడతాయని నాన్న హెచ్చరించేవాడు.

ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దాని మీద నెగెటివ్ కొంచెం ఎత్తులో పట్టుకుని, ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి రంగులు తిరగేశాను. స్కానర్ లేనివాళ్ళు మీరూ ఇలా చేయొచ్చు, చూసుకోవడానికి చాలు. మా మేనత్తకి పంపితే ఐదు నిమిషాల్లో ఫోన్ చేసింది. "ఆ మురుగులు చిన్నమ్మవే. 1971లో మీ బాబాయి పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటో. ఇద్దరూ తోడికోడళ్ళలా ఉండేవాళ్ళా, అక్కాచెల్లెళ్ళలా ఉండేవాళ్ళు" అంది.

చిన్న నాయనమ్మ! నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు. నాయనమ్మ పోయిన రెండేళ్ళకి, 1976లో, పొలం గట్టు దగ్గర తగాదా మొదలై కోర్టుదాకా వెళ్ళింది. ఒకే వీధిలో ఉంటూ పెళ్ళిళ్ళకీ చావులకీ పిలుపులు లేవు. అలాంటి ఇంటి చెయ్యి మా హాల్లో, మా దేవుడి పటాల పక్కన, ఎర్ర రంగు కింద ఇన్నేళ్ళూ మా నాయనమ్మ భుజం మీదే ఉంది.

మధ్యలో ఒక చిన్న సంగతి. మా అన్నయ్య కొడుకు ఇదంతా విని, గోడ మీది ఫోటోని ఏదో యాప్‌లో వేసి నాయనమ్మని నవ్వించి పంపాడు. తల అటూ ఇటూ తిప్పి, వరసగా తెల్లటి పళ్ళతో నవ్వింది. ఇంట్లో అందరూ ఏడ్చారు. నాకు మాత్రం బెంచీ మీద కూర్చున్న ఆ తండ్రి గుర్తొచ్చాడు. ఆయన దగ్గర కనీసం చెప్పడానికి ముక్కూ చెవులూ గుర్తున్నాయి. ఈ పళ్ళు ఎవరివో ఎవరికీ తెలియదు. వాడిని ఏమీ అనలేదు లెండి. నాన్న చేసింది మాత్రం ఏమిటి?

మీ ఇంట్లో పాత నెగెటివ్‌లుంటే రెండు మాటలు. ప్లాస్టిక్ కవర్లలో బిగించి పెట్టకండి, యాసిడ్ లేని కాగితంలో చుట్టి పొడి డబ్బాలో ఉంచండి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోని పీకకండి, అద్దంతో సహా ఫోటో తీయించండి. వెనక పేర్లు రాస్తే మెత్తని పెన్సిలుతోనే రాయండి, బాల్‌పెన్ను అచ్చు ముందువైపుకి దిగుతుంది. పేర్లు మాత్రం ఈ ఆదివారమే రాయండి. మా మేనత్తకి ఇప్పుడు ఎనభై ఆరు. ఆవిడ లేకపోతే ఆ మురుగులు ఎవరివో చెప్పేవాళ్ళు లేరు.

ఆ చెయ్యి ఫోటోని చాలా ఆలోచించి చిన్న నాయనమ్మ మనవడికి వాట్సాప్‌లో పంపాను. నంబరు దొరకడానికే వారం పట్టింది. రెండు రోజులు నీలం టిక్కులు తప్ప జవాబు లేదు. మూడో రోజు వాళ్ళింటి గోడ మీది ఫోటో వచ్చింది. చిన్న నాయనమ్మ, దండతో, చుట్టూ అదే తెల్లటి మబ్బు. పెదవులు బిగించి ఉన్నాయి. కుడి భుజం దగ్గర చెయ్యి మొదలయ్యేచోట గీత గీసినట్టు తెగిపోయింది. ఆ తెలుపులో ఎవరున్నారో నాకు తెలుసు.

వెనకవైపు కూడా తీసి పంపమన్నాను. మా స్టూడియో రబ్బరు స్టాంపు, కింద నాన్న చేతిరాతలో 1980. తగాదా కోర్టులో ఉన్న రోజులు. ఎవరు తెచ్చిచ్చారో, ఎవరు పట్టుకెళ్ళారో వాళ్ళకీ తెలియదు. డబ్బు తీసుకున్నాడా అని రిజిస్టరు వెతికాను. ఆ సంవత్సరంది చెద తినేసింది.