అడుగుజాడలు ఉన్న హిమానీనదం మీద కూడా తాడు కట్టుకోవాలా?

ముందు వెళ్లిన బృందం అడుగుజాడలు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు, పైగా ఏటవాలు లేని చోట, తాడు కట్టుకోవడం అవసరమా అని మీరు అడిగారు. అవసరమే. ఇదే ధీమాతో నడిచి నేను ఒకసారి మంచు కింద దాగిన పగులులో దిగబడ్డాను కనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ఆ రోజు మేము ముగ్గురం ఒకే తాడుకు కట్టుకొని, ఉదయం మేమే వేసిన జాడల మీదుగా మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. తెల్లవారుజామున రాయిలా గడ్డకట్టి మమ్మల్ని మోసిన మంచే, ఎండకు మెత్తబడి, ముందు నడుస్తున్న నా కాలి కింద చప్పుడు లేకుండా కుంగింది. నడుము దాకా దిగిపోయాను. కాళ్లకు ఆనడానికి ఏమీ తగలలేదు; మంచుపెళ్లలు గోడలకు కొట్టుకుంటూ ఎక్కడో అడుగుకు పోతున్న చప్పుడు మాత్రం వినిపించింది. నా వెనకాయన తాడును వదులు లేకుండా ఉంచి, వెంటనే మడమలు తన్నిపెట్టి వెనక్కి కూర్చున్నాడు కాబట్టి అక్కడితో ఆగాను. చాలామంది బద్ధకించి చేసేటట్టు తాడును చుట్టలుగా చేతిలో పట్టుకొని నడిచి ఉంటే, ఆ చుట్టలన్నీ విడిపోయేదాకా నేను పడుతూనే ఉండేవాడిని.

అడుగుజాడ చెప్పేది ఒక్కటే: ఆ గంటలో, ఆ బరువుకు మంచు వంతెన, అంటే పగులును పైనుంచి కప్పిన మంచు పొర, నిలిచింది. 1912 డిసెంబర్ 14న అంటార్కిటికాలో అన్వేషకుడు డగ్లస్ మాసన్, అతని సహచరులు మెర్ట్జ్, నిన్నిస్‌ల బృందానికి జరిగింది ఇదే. స్కీల మీద మెర్ట్జ్, స్లెడ్జి (మంచు మీద జారే బండి)తో మాసన్ క్షేమంగా దాటిన వంతెన, రెండో స్లెడ్జి పక్కన కాలినడకన వస్తున్న నిన్నిస్ కింద కూలిపోయింది. స్కీలూ స్లెడ్జీ బరువును పరిచేస్తాయి. బూటు ఒకే చోట గుచ్చుతుంది. అతనితోపాటు గుడారం, ఆహారంలో అధికభాగం పోయాయి, చివరికి స్థావరానికి ప్రాణాలతో చేరినవాడు మాసన్ ఒక్కడే.

మనిషికీ మనిషికీ పది నుంచి పదిహేను మీటర్ల దూరం పాటించండి. పగులు ఉన్న దిశ తెలిస్తే దాన్ని అడ్డంగా దాటండి, ఎందుకంటే దాని పొడవునా నడిస్తే అందరూ ఒకే వంతెన మీద ఉంటారు. ఇద్దరే అయితే మధ్య తాడుకు కొన్ని లావు ముడులు వేసుకోవాలి. అవి పగులు అంచు మంచులో ఇరుక్కొని పడేవారిని ఆపడానికి తోడ్పడతాయి. మంచు పూర్తిగా కరిగి, పగుళ్లన్నీ కంటికి కనిపించే సమతల నగ్న మంచుగడ్డ మీద మాత్రం నేనూ తాడు విప్పేస్తాను.