ఎర్రర్ క్లాసులు మూడా, ముప్ఫయ్యా?

ప్రశ్న: ఎస్సెమ్మెస్‌లు పంపడానికి మా టీమ్ ఒక పైథాన్ లైబ్రరీ రాసింది. ఆఫీసులో ఇంకో నాలుగు టీమ్‌లు దాన్ని వాడుతున్నాయి. ఏం జరిగినా పైథాన్‌లో ముందే ఉన్న వాల్యూఎర్రర్ (ValueError) క్లాసునే లేపి, కారణం మెసేజ్‌లో రాస్తున్నాం. మొన్న మెసేజ్‌లో ఒక్క మాట మారిస్తే వాళ్ల కోడ్ దెబ్బతింది. సొంత క్లాసులు పెట్టాలనుకుంటున్నాం. ఎన్ని పెట్టాలి?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తప్పు మీ కోడ్‌లో ఎక్కడ జరిగిందన్నది కాదు, దాన్ని పట్టుకున్నవాళ్లు ఆ తర్వాత ఏం చేస్తారన్నది చూసి విడదీయండి. చేసే పని ఒకటే అయితే క్లాసూ ఒకటే చాలు.

ముందు పైథాన్‌లోని ఎక్సెప్షన్ (Exception) క్లాసు నుంచి ఎస్సెమ్మెస్‌ఎర్రర్ అనే మూల క్లాసు. దానికీ పైనున్న బేస్‌ఎక్సెప్షన్ నుంచి మాత్రం తీసుకోకండి, మామూలు ఎక్సెప్ట్ ఎక్సెప్షన్‌కు అది దొరకదు. ఎస్సెమ్మెస్‌ఎర్రర్ కింద మీకు మూడు సరిపోతాయి. డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌ల నమూనాలను నమోదుచేసే వ్యవస్థ) నమోదైన టెంప్లేట్‌తో సరిపోలనిది, నంబరు తప్పుగా ఉన్నది ఒక క్లాసు: ఎన్నిసార్లు పంపినా ఫలితం అదే. ఎస్సెమ్మెస్‌లను అవతలికి చేరవేసే గేట్‌వే సర్వీసు కాసేపు ఆగమన్నది రెండోది, ఎన్ని సెకన్లు ఆగాలో అందులోనే ఫీల్డుగా పెట్టండి. టైమవుట్, అంటే గడువులోగా జవాబు రాకపోవడం, మూడోది. దీన్ని రెండోదాంతో కలపొద్దు. మెసేజ్ వెళ్లిందో లేదో తెలియని స్థితి ఇది, కళ్లు మూసుకుని మళ్లీ పంపితే కస్టమర్‌కు రెండు ఓటీపీలు వెళ్లొచ్చు. దీనికి టైమవుట్‌ఎర్రర్ అని పేరు పెట్టకండి. 3.3 నుంచి పైథాన్‌లోనే ఆ పేరుతో ఒక క్లాసు ఉంది, ఇంపోర్ట్ చేసుకున్నవాళ్లకు ఏది ఏదో అర్థం కాదు.

చాలామంది ఇరుక్కునేది ఇనిట్‌లో, అంటే క్లాసు నుంచి ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే __init__ మెథడ్‌లో. నంబరు, సెకన్లు రెండూ తీసుకుని, సూపర్ ఇనిట్‌కు (మూల క్లాసు ఇనిట్‌కు) తయారుచేసిన మెసేజ్ ఒక్కటే ఇస్తారు. మామూలుగా బాగానే నడుస్తుంది. పనిని పలు ప్రాసెస్‌లకు పంచే మల్టీప్రాసెసింగ్‌లో ఆ ఎర్రర్ పికిల్ అయి (బైట్లుగా మారి) అవతలి ప్రాసెస్‌కు చేరాక, పైథాన్ ఆ ఎర్రర్ ఆర్గ్స్‌లో (సూపర్‌కు ఇచ్చిన విలువల జాబితాలో) ఉన్న ఆ ఒక్క విలువతోనే క్లాసును మళ్లీ పిలుస్తుంది. రెండోది లేదని టైప్‌ఎర్రర్ వస్తుంది, అసలు కారణం మాయమవుతుంది. అందుకే రెండు విలువలనూ వరుస తప్పకుండా సూపర్‌కు ఇచ్చి, మెసేజ్‌ను ఎస్‌టీఆర్ (__str__) మెథడ్‌లో తయారుచేయండి. ప్రతి క్లాసునూ ఒకసారి పికిల్ చేసి వెనక్కి తెచ్చే టెస్టు తప్పకుండా రాయండి.

లోపలి హెచ్‌టీటీపీ లైబ్రరీ ఎర్రర్‌ను మీ క్లాసుగా మార్చేటప్పుడు రైజ్‌తోపాటు ఫ్రమ్ వాడితే, అసలు ఎర్రరే దీనికి కారణమని ట్రేస్‌బ్యాక్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పటికే వాల్యూఎర్రర్ పట్టుకుంటున్న టీమ్‌ల కోసం, కొత్త క్లాసులు మూడింటినీ కొన్నాళ్లు ఎస్సెమ్మెస్‌ఎర్రర్, వాల్యూఎర్రర్ రెండింటి నుంచీ రానివ్వండి. మెసేజ్ పాఠాన్ని వెతుకుతున్న చోట్లు మాత్రం దీంతో సరికావు. వాటిని వాళ్లు మార్చుకునేదాకా పాత మాటలు కదపకండి.