రాత్రి డైవింగ్‌కు విడిభాగాల లైటు అవసరమా?

ప్రశ్న: రుషికొండలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. ఈసారి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపంలో రాత్రిపూట డైవింగ్ చేయాలని ఉంది. తలభాగం, బ్యాటరీ గొట్టం, పిడి విడివిడిగా మార్చుకోగల రీచార్జబుల్ ఎల్‌ఈడీ లైటు కొనమని మిత్రుడు చెబుతున్నాడు. ధర చాలా ఎక్కువగా ఉంది. కొనమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నీటి అడుగున ఫొటోలు, వీడియోలు తీయాలన్న ఉద్దేశం మీకు ఉంటే కొనండి, ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే నీటిలోకి దిగేవారైతే ఆ డబ్బుతో రెండు మామూలు లైట్లు కొనుక్కోవడమే మేలు.

విడిభాగాల లైటులో అసలు సౌకర్యం తలభాగం మార్చుకోగలగడమే. రాత్రి దారి చూసుకోవడానికి, తోటి డైవర్‌కు సైగ చేయడానికి ఇరుకైన కాంతిపుంజం కావాలి. వీడియోకు వెడల్పాటి కాంతి కావాలి, ఎందుకంటే నీరు ఎరుపు రంగును మొదటి కొన్ని మీటర్లలోనే పీల్చేసుకుంటుంది కాబట్టి లైటు లేకపోతే పట్టపగలు కూడా ఎర్రని పగడం బూడిదరంగులో కనిపిస్తుంది. అయితే మన విశాఖ తీరంలో లాగా నీరు మసకగా ఉన్నచోట వెడల్పాటి కాంతి, పొగమంచులో కారు హెడ్‌లైట్ల మాదిరిగా, తేలే రేణువులనే వెలిగించి ఎదుటి దృశ్యాన్ని కప్పేస్తుంది. అందుకే ల్యూమెన్ల (మొత్తం వెలుగు ఎంతో చెప్పే కొలత) అంకె ఒక్కటే చూసి కొనకండి; పుంజం ఎన్ని డిగ్రీలు, ఆ వెలుగు ఎన్ని నిమిషాలు తగ్గకుండా నిలుస్తుంది అని అడగండి.

ఇక అతుకుల సంగతి. విప్పే ప్రతి చోటా నీరు దూరే అవకాశం ఉంటుంది. 20 మీటర్ల లోతున లైటు మీద పడే పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి మూడు రెట్లు. అతుకులో నీరు దూరకుండా అడ్డుపడే రబ్బరు వలయాన్ని ఓ-రింగ్ అంటారు; శుభ్రంగా ఉన్న ఓ-రింగ్‌ను ఆ పీడనం గాడిలోకి మరింత బిగిస్తుంది గానీ, దాని మీద ఒక్క ఇసుకరేణువు ఉన్నా నీటికి దారి దొరుకుతుంది. పడవ మీద హడావిడిగా బ్యాటరీ మార్చి, ఓ-రింగ్ మీద అంటిన తలవెంట్రుకను గమనించక నేను ఒక మంచి లైటును పోగొట్టుకున్నాను. డైవింగ్ ముగిశాక లైటును మంచినీటిలో నానబెట్టి, పూర్తిగా తుడిచి ఆరబెట్టిన తరువాతే విప్పండి. ఓ-రింగ్‌కు సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత పలుచగా రాస్తే చాలు. లోపలికి నీరు చేరిందని అనుమానం వస్తే, తడిసిన లిథియం బ్యాటరీ నుంచి వాయువు పుట్టి లోపల ఒత్తిడి పెరిగి ఉండవచ్చు కాబట్టి, ముఖానికి దూరంగా పెట్టుకుని మెల్లగా విప్పాలి. నీటి బయట ఎక్కువసేపు వెలిగించి ఉంచకూడదు. అంత శక్తిమంతమైన ఎల్‌ఈడీని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీరే.

విమాన ప్రయాణంలో మాత్రం విడదీసే సౌకర్యం నిజంగా అక్కరకు వస్తుంది. సంచిలో లైటు పొరపాటున వెలిగితే నిప్పు అంటుకోగలదు కనుక బ్యాటరీని బయటికి తీసి, కొనలకు టేపు అంటించి, చేతి సామానులోనే ఉంచుకోండి. లైటు సంగతి విమాన సంస్థకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఈ లైట్లలో ఎక్కువగా వాడే 18650 రకం బ్యాటరీ ఒక్కొక్కటి సుమారు 12 వాట్-అవర్లే (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత) కాబట్టి విమానాల్లో ఒక్కో బ్యాటరీకి ఉండే 100 వాట్-అవర్ల పరిమితితో ఇబ్బంది రాదు.

ఏది కొన్నా, రాత్రి డైవింగ్‌కు రెండో లైటు తప్పనిసరి. అది చిన్నదిగా, ఒక్క చేత్తో వెలిగించగలిగేదిగా, ప్రధాన లైటు బ్యాటరీతో సంబంధం లేనిదిగా ఉండాలి. దాన్ని జాకెట్ భుజం దగ్గరి రింగుకు తగిలించుకుని, నీటిలోకి దిగేముందు ఒకసారి వెలిగించి చూసుకోండి.