వంగింది ఒక లివర్, కొనేది రెండా?

ప్రశ్న: మందుల పంపిణీ సంస్థలో సేల్స్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం, కమీషన్ కలిపి నెలకు 26 వేలు. రోజుకు 50 కిలోమీటర్లకు పైగా బైక్ మీదే తిరుగుతాను. బండికి ఇది మూడో ఏడాది. గత వారం ఇసుకలో జారి ఎడమ వైపుకు పడింది. క్లచ్ లివర్ వంగింది, ఇండికేటర్ పగిలింది. షోరూములో లివర్ 280, ఇండికేటర్ 320, మజూరీ 200 అన్నారు. ఆన్‌లైన్‌లో బ్రేక్, క్లచ్ లివర్ల జత 550కే వస్తోంది, రంగు కూడా బాగుంది. ఆ జత కొనుక్కుని, మిగతా ఖర్చుకు బీమా క్లెయిమ్ చేసుకోవచ్చా? ఇప్పటివరకు ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. – తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వంగింది క్లచ్ లివర్ ఒక్కటే. 280 రూపాయలతో పోయే పనికి 550 పెట్టి, నిక్షేపంలా ఉన్న బ్రేక్ లివర్‌ను కూడా విప్పేస్తానంటున్నారు. ఇందులో చౌక ఎక్కడుందో నాకు కనిపించలేదు. జతగా అమ్మే సరుకుతో వచ్చే చిక్కే ఇది. అవసరం లేనిదాన్ని కూడా అవసరమైనదాని పక్కన పెట్టి, రెండింటికీ కలిపి ఒక ధర చెబుతారు. మన కన్ను ఆ ధర మీదే ఆగిపోతుంది.

డబ్బు లెక్కలు చూసే నాకు మెకానిక్ పని ఎందుకని అనుకోకండి. ఇక్కడ రెండూ విడదీయలేనివి. డిస్క్ బ్రేక్ ఉన్న బండిలో ముందు బ్రేక్ లివర్ మాస్టర్ సిలిండర్‌లోని (బ్రేక్ ద్రవాన్ని చక్రం వైపు నెట్టే భాగం) పిస్టన్‌ను తోస్తుంది. చేయి తీయగానే పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలంటే లివర్‌కూ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. కొలత తప్పిన లివర్ వల్ల ఆ సందు లేకపోతే పిస్టన్ కొద్దిగా ముందుకు జరిగే ఉంటుంది. బ్రేక్ ద్రవం తిరిగి పై డబ్బాలోకి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. బండి నడుస్తున్న కొద్దీ ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తుంది. పోయే దారి లేక ప్యాడ్లను డిస్క్‌కు అదుముతుంది. దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి మీరు బ్రేక్ వేయకుండానే ముందు చక్రం పట్టేయవచ్చు. వీధి చివరి దాకా నడిపి చూస్తే ఇది బయటపడదు. తాడేపల్లిగూడెం దారిలో అరగంట వెళ్లాక బయటపడుతుంది. వెనకవాళ్లకు ఎర్ర దీపం చూపించే స్విచ్ కూడా ఆ లివర్ కదలిక మీదే ఆధారపడుతుంది. లివర్ సరిగా కుదరకపోతే దీపం వెలగదు, లేదా వెలుగుతూనే ఉంటుంది.

క్లచ్ వైపు ప్రాణభయం తక్కువ, జేబుకు భయం ఎక్కువ. కేబుల్‌కు ఉండాల్సిన ప్లే, అంటే కొద్దిపాటి వదులు, లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టుకోదు. ప్లేట్లు రాసుకుంటూ అరిగిపోతాయి. వాటిని మార్చే ఖర్చు ముందు మీ 280 ఏ మూలకూ రాదు. బయటి కంపెనీల సామాను అంతా పనికిరాదని నేను అనను. పడినప్పుడు విరగకుండా మడుచుకునే మంచి లివర్లు ఉన్నాయి, కానీ అవి 550కి రావు.

ఇక బీమా. మీ బండికి ఇది మూడో ఏడాదే కనుక, షోరూములో కొత్తది కొన్నప్పుడు తీసుకున్న థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగే నష్టానికి) ఐదేళ్లకు ఉంటుంది. పడిపోయిన మీ బండికి అది పనికిరాదు. అందుకు ఓన్ డ్యామేజ్ బీమా కావాలి, చాలామందికి దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాల్సి ఉంటుంది. ఐదేళ్ల కాగితం చేతిలో ఉందని ధీమాగా ఉండి, ఓన్ డ్యామేజ్ బీమా రెండో ఏడాదే ఆగిపోయిందని పడ్డాక తెలుసుకునేవాళ్లు ఎందరో. ముందు అది చూసుకోండి.

అది ఉందనే అనుకుందాం. మూడో ఏడాది బండికి లోహపు భాగాల మీద 15 శాతం, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగు తీసేస్తారు. షోరూము చెప్పిన 800లో లివర్‌కు 238, ఇండికేటర్‌కు 160, మజూరీ 200, మొత్తం 598 లెక్కకు వస్తుంది. అందులోంచి తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన వాటా, పోగా మిగిలిందే మీకు.

మరి పోయేది ఎంత? మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 35 శాతం రాయితీ, ఆ తర్వాతి ఏడాది 45, ఆపైన ఏటా 50. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే సున్నా నుంచి మొదలుపెట్టి 20, 25, 35, 45 అంటూ మళ్లీ మెట్లెక్కాలి. ప్రీమియం వెయ్యి రూపాయలే అనుకుని ఐదేళ్ల పాటు ఏ ఏడాదికాఏడాది ఈ తేడాలు కూడితే 350, 250, 250, 150, 50. మొత్తం 1,050 రూపాయలు. ఆరువందల లోపు కోసం వెయ్యికి పైగా వదులుకుంటారన్నమాట. గోటితో పోయేదానికి గొడ్డలి వద్దు. 800 జేబులోంచే కట్టేయండి.

నన్ను అసలు కలవరపెట్టింది మీరు రాయని సంగతి. మీ ఆదాయంలో కమీషన్ ఉంది, అది బండి తిరిగితేనే వస్తుంది. పాలసీతో పాటు తీసుకునే యజమాని-డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలది. అది మరణానికి, అవయవాలో చూపో కోల్పోవడానికి, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి వర్తిస్తుంది. చేయి విరిగి ఆరు వారాలు ఇంట్లో కూర్చుంటే అందులోంచి రూపాయి కూడా రాదు. అలాంటి రోజులకు వారం వారం పరిహారం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీలు వేరే ఉన్నాయి. ఆ ప్రయోజనం ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి. అది లేకపోతే ఈ నెల నుంచే మొదలుపెట్టండి.

బండికి కూడా నెలకు 500 పక్కన పెట్టండి. టైర్లు, చైను, బ్రేక్ ప్యాడ్లు అన్నీ ఒకే నెలలో అడుగుతాయి, అది వాటి స్వభావం. బ్రేక్ ద్రవాన్ని రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. మూడో ఏడాదిలో ఉన్న మీ బండికి మార్చారా? ఎలాగూ షోరూముకు వెళ్తున్నారు, లివర్‌తో పాటు అదీ అడగండి.

రంగు మీద మోజు తీరకపోతే హ్యాండిల్ గ్రిప్పులు మార్చుకోండి. కొనేటప్పుడు మాత్రం అవి యాక్సిలరేటర్ మీద గట్టిగా పట్టి ఉండేవో కావో చూడండి.