అండమాన్‌కు ప్యాకేజీలో వెళ్లాలా, సొంతంగానా?

కడప

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నలను, పిల్లలను వెంటబెట్టుకొని అండమాన్ వెళ్లదలచావనీ, ఏడు రోడ్ల దగ్గరి ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీ కాగితం చూసి ఎటూ తేల్చుకోలేకపోతున్నావనీ అక్కయ్య చెప్పింది. విమానం, ఓడ టిక్కెట్లు నీవే కొనుక్కొని, కారు మాత్రం ఏ రోజుకా రోజు అక్కడే మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం.

ఊటీలో బస్సు తప్పితే మరొకటి దొరుకుతుంది గాని దీవుల్లో ఆ వీలు తక్కువ. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, అంటే పాత హేవ్‌లాక్‌కు, ప్రైవేటు ఓడ సుమారు గంటన్నరలో చేరుతుంది. ప్రభుత్వ ఓడకు ఇంకా ఎక్కువ సమయం పట్టినా ఛార్జీ తక్కువ. సెలవు రోజుల్లో రెండింటిలోనూ సీట్లు ముందే నిండిపోతాయి. కాబట్టి ఏజెంటును హోటల్ గురించి కాక, ఏ ఓడలో, ఏ పూట, టిక్కెట్లు చేతికి ఎప్పుడిస్తావని మొదట అడుగు. అక్కడ నీళ్లు నమిలితే ఇక మాట్లాడవలసింది లేదు.

ప్యాకేజీలో నాకు నచ్చనిది వాళ్ల తొందర. 1906లో నిర్మాణం పూర్తయిన సెల్యులార్ జైలును, మన రంప తిరుగుబాటు ఖైదీలు కూడా మగ్గిన ఆ చోటును, గంటలో తిప్పి బయటికి తెస్తారు. అక్కడా మన గడియారమే గాని దేశానికి బాగా తూర్పున ఉన్నందున జనవరిలో ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది. కాగితంలో "సాయంత్రం రాధానగర్ తీరం" అని ఉంటే ఆ సాయంత్రం ఎన్ని గంటలకో తేల్చుకో. బారాటాంగ్ గుహలకైతే తెల్లవారకముందే బయలుదేరి, జిర్కాటాంగ్ దగ్గర వాహనాల వరుసలో కాచుకొని, జారవా అనే ఆదిమ తెగవారి అడవి గుండా ఎక్కడా ఆగకుండా, ఫోటో తీయకుండా పోవాలి. ఆపైన పడవ, నడక. అక్కయ్య మోకాళ్లకు అది తగదు. సొంతంగా వెళ్తే అటువంటిదాన్ని ఎవరినీ అడగకుండానే వదిలేయవచ్చు.

సామాను మోయడం, రేవు దగ్గర ఎదురుచూడడం నీ ఒక్కడి వల్ల కాదనిపిస్తే, విమానాశ్రయానికీ రేవులకూ కారు పంపే ఏర్పాటు మాత్రం అక్కడి ట్రావెల్స్‌వారికి అప్పగించు. ఆ ఊళ్లో తెలుగువారు చాలామందే ఉన్నారు, భాష ఇబ్బంది రాదు.

సముద్రం బాగా లేకపోతే ఓడలు ఆపేస్తారు. అందువల్ల తిరుగు విమానానికి ముందటి రాత్రి తప్పకుండా శ్రీ విజయపురంలోనే ఉండేటట్లు చూసుకో. ఏ ఏజెంటైనా విమానం రోజునే హేవ్‌లాక్ నుంచి తెస్తానంటే ఒప్పుకోవద్దు. చిన్న దీవుల్లో సిగ్నల్ సరిగా అందదు, ఫోన్‌పే మీదే ఆధారపడక నగదు పెట్టుకో. పిల్లలతో సహా అందరి అసలు ఆధార్ కార్డులూ తీసుకెళ్లు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవద్దని పిల్లలకు ముందే చెప్పు, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

చెన్నైకి రైలు ముందు రోజుకే చేసుకో. విమానం తేదీలు కుదరగానే ఫోన్ చేస్తే, ఓడ టిక్కెట్లు ఇద్దరం కూర్చొని చూద్దాం.

ఇట్లు,
మామయ్య